38 శాతం కాలు

వినాయక చవితి వెళ్ళిన ఆదివారం కూర్మన్నపాలెంలో మా అక్కావాళ్ళింట్లో భోజనాలు. గోంగూర పప్పు, వంజరం వేపుడు. టీవీలో వికలాంగుల పింఛన్ల మీద ఏదో చర్చ నడుస్తోంది. మా బావ ముల్లు తీసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: "అడుక్కున్నమ్మకి అరవై కూరలు, వండుకున్నమ్మకి ఒకటే కూర. టాక్సులు కట్టేది మనం, కాళ్ళు బార్లా చాపుకుని ఆరేసి వేలు తీసుకునేది వాళ్ళు."

అనేశాక ఒక్క క్షణం ఆగి, బల్ల కింద చాపి ఉన్న నా ఎడమ కాలు వంక చూశాడు. "నీ గురించి కాదులేవే. నీకేం, ఉద్యోగం చేసుకుంటున్నావు."

నేను కాలు చాపుకున్నది దర్జాకి కాదు. కాలికి ఊతంగా కట్టుకునే కేలిపర్‌కి మోకాలి దగ్గర లాక్ ఉంటుంది. కూర్చున్నప్పుడు అది తీస్తేగానీ కాలు మడత పడదు. ఆ రోజు తీయడానికి బద్ధకించాను, అంతే.

నాకు నలభై ఆరేళ్ళు. రెండో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. పల్స్ పోలియో మొదలైన 1995 నాటికి నాకు పదహారేళ్ళు. కంచరపాలెంలో మా వీధి పిల్లలు బూత్ దగ్గర నోరు తెరిచి రెండు చుక్కలు వేయించుకుని, వేలి మీద గుర్తు పెట్టించుకుని పరిగెత్తుకుంటూ పోవడం అరుగు మీద కూర్చుని చూసేదాన్ని. 2014లో మన దేశం పోలియో నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. అలా దేశానికీ నాకూ చెరో సర్టిఫికెట్ అయింది. నాది 70 శాతం వైకల్యమని. ఆ చుక్కలకి ఎవరి జేబులోంచీ పైసా తీయలేదు, చాలావరకు టాక్సుల డబ్బే. అయినా పోలియో చుక్కల్ని ఉచితాలని తిట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా రిటర్నులు వేస్తున్నాను. మా బావదీ నేనే వేస్తాను. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యాడు, ఎఫ్‌డీల మీద వడ్డీ, ఓ చిన్న పోర్షన్ మీద అద్దె. కొత్త పన్ను పద్ధతిలో ఆదాయం ఏడు లక్షల లోపు కాబట్టి 2025లో వేసిన రిటర్నులో ఆయన కట్టాల్సిన ఇన్‌కమ్ టాక్స్ సున్నా. ఆ తర్వాతి ఏడు నుంచి ఆ గీత పన్నెండు లక్షలకి జరిగింది కాబట్టి ఇక ఎప్పటికీ సున్నాయే. భోజనాల దగ్గర వాళ్ళ అల్లుడి ముందు ఆ మాట ఎత్తలేదు. క్లయింటు లెక్క నలుగురిలో చెప్పకూడదు, బావైనా సరే. తర్వాత ఫోన్లో చెబితే పడీ పడీ నవ్వి, "రాసుకోవే, పేరు మాత్రం వేయకు" అన్నాడు.

నాదీ సున్నాయేననుకోండి.  దేశంలో రిటర్నులు వేసేవాళ్ళలో సగానికి పైగా కట్టేది సున్నాయే. "టాక్సులు కట్టేది మనం" అనే మాట మాత్రం బీచ్ రోడ్డు నుంచి గాజువాక దాకా ఎవర్ని కదిపినా వస్తుంది. అది అబద్ధమూ కాదు. సబ్బు కొన్నా, పెట్రోలు పోయించుకున్నా కడుతూనే ఉన్నాం. కానీ ఆ లెక్కన పింఛను తీసుకునేవాడూ కడుతున్నాడు. చక్రాల కుర్చీ మీద కూడా జీఎస్టీ 5 శాతం ఉంది. చెవి మిషన్ మీద మాత్రం లేదు. నడవలేనివాడికి, వినలేనివాడికి మధ్య ఆ తేడా ఎవరు ఏ ఫైల్లో తేల్చారో గానీ ఇన్నేళ్ళ సర్వీసులో నాకు అర్థం కాలేదు.

బావ మీద నాకు కోపం లేదు. 2021లో స్టీల్‌ప్లాంట్‌ని అమ్మేస్తామని కేంద్రం చెప్పినప్పుడు కూర్మన్నపాలెం దీక్షా శిబిరానికి ఆయనతోపాటు నేనూ వెళ్ళి కూర్చున్నాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గొంతు పోయేలా అరిచాను. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ అది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చినప్పుడు బావ మా ఆఫీసుకి స్వీట్లు పట్టుకొచ్చాడు, నేను రెండు తిన్నాను. ఆ 11,440 కోట్లు ఎవరి టాక్సులని మేమిద్దరం అడగలేదు. అది హక్కు. మనకి అందేది హక్కు, పక్కింటికి అందితే అరవై కూరలు. మా బావ ఒక్కడే కాదు, మా ఆఫీసు మెట్లెక్కే ప్రతి మనిషీ ఇంతే. నేనూ ఇంతే, కాకపోతే నా కాలు అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటుంది.

ఇక టైలర్ మామయ్య సంగతి.

మా వీధి చివర రేకుల షెడ్డులో ఒక మిషను పెట్టుకుని జాకెట్లూ ఫాల్సూ కుడతాడు. వయసు 57. పూర్వం సెంట్రింగ్ పని చేసేవాడు. 2012లో మధురవాడలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తు నుంచి పడ్డాడు. తుంటి విరిగింది, రాడ్లు వేశారు, కాలు రెండంగుళాలు పొట్టిదైపోయింది. కుట్టుపని అత్తయ్య దగ్గర నేర్చుకున్నాడు. తొక్కలేడు కాబట్టి మిషనుకి మోటారు పెట్టించుకున్నాడు. వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చే సదరం సర్టిఫికెట్ మొదటిసారి తీసుకున్నప్పుడు అందులో 52 శాతం అని వచ్చింది, దాని మీద పింఛను. 2024 జూలైలో అది మూడు వేల నుంచి ఆరు వేలైనప్పుడు ఆయన చేసిన మొదటి పని షెడ్డు మీద రేకులు మార్చడం.

2025 ఆగస్టులో పింఛన్ల మళ్ళీ తనిఖీలు, నోటీసులు అని రాష్ట్రమంతా గోల అయింది కదా, ఒక నోటీసు ఆయనకీ వచ్చింది. నేను ఆఫీసు నుంచి వస్తుంటే షెడ్డులోంచి పిలిచాడు. "పాపా, ఇదేటో సూడమ్మా. నా కాలు బాగైపోనాదని రాసేరంట."

అందులో ఉన్నది 38 శాతం. నలభై ఉంటేనే పింఛను.

నాకు గుండెలో రాయి పడ్డట్టయింది. కారణం ఉంది. మూడేళ్ళ కిందట నా కేలిపర్ చేసే ఆయన దగ్గరికి మామయ్యని తీసుకెళ్ళి, కురచ కాలికి రెండంగుళాల మడమ పెట్టిన బూటు చేయించింది నేనే. అప్పటిదాకా పడవ ఊగినట్టు పక్కకి ఒరిగి నడిచేవాడు, ఆ బూటు వేసుకున్నాక నిటారుగా నడుస్తున్నాడు. నడుం నొప్పి తగ్గింది. తనిఖీకి కూడా ఆ బూటు వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డాక్టరు గారికి నమస్కారం పెట్టి చక్కగా నడిచి చూపించాడట. టేపు పెట్టి కొలిచారో లేదో ఆయనకి గుర్తులేదు. అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు కాబట్టి బూటు వల్లే తగ్గిందని ఒట్టేసి చెప్పలేను. మామయ్య మాత్రం అదే నమ్ముతున్నాడు. ఆ మాట నా మొహాన అనడు. అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

అప్పీలు నేనే రాశాను. ఒకటో తారీకున పింఛను పట్టుకుని సచివాలయం అమ్మాయి వచ్చింది. మిషనులో వేలిముద్ర పడలేదు. బట్ట రుద్దీ రుద్దీ ఆయన వేళ్ళు అరిగిపోయాయి. మూడోసారికి పడింది. అప్పీలులో ఉంది కాబట్టి ఆ నెలకి ఇచ్చారు. నోట్లు లెక్కపెట్టుకుని, నాలుగు వేలు అత్తయ్యకిచ్చి, మిగతావి జేబులో పెట్టుకుంటూ, "రెండు శాతంలో ఏటుంటాదమ్మా?" అని అడిగాడు.

మా వృత్తిలో దానికి జవాబుంది. ఆదాయం యాభై లక్షలు దాటితే పన్ను మీద పది శాతం సర్‌ఛార్జి పడుతుంది. యాభై లక్షల వెయ్యి సంపాదించినవాడికి ఆ వెయ్యి రూపాయల పాపానికి లక్షకు పైగా అదనంగా పడితే ప్రాణం ఉసూరుమంటుంది కదా. అందుకని చట్టంలోనే రాసి పెట్టారు: గీత ఎంత దాటాడో అంతకంటే ఎక్కువ గుంజకూడదు. వెయ్యి దాటితే వెయ్యే. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటాం. పన్నెండు లక్షల గీత దగ్గరా ఉంది. మెత్తటి, మర్యాదైన ఏర్పాటు. నేను ఏడాదికి పది మందికైనా వేసి పెడతాను, ఎవరూ దాన్ని ఉచితం అనరు. మామయ్య గీత దగ్గర అది లేదు. నలభైకి ఆరు వేలు, ముప్పై తొమ్మిదికి గుండు సున్నా. ఇది ఆయనకి చెబితే కాసేపు ఆలోచించి, "అలాటిది మనకీ ఒకటి రాయించలేవేటి?" అన్నాడు. నేను అసెంబ్లీలో కూర్చుంటాననుకున్నాడు పాపం.

అదే నెల ఆఫీసులో రిటర్నుల గడువు హడావిడి. 2025లో జూలై 31ని సెప్టెంబరు 15కి పొడిగించారు, అయినా అందరూ చివరి వారమే వచ్చారు. ఒక పాత క్లయింటు ఉన్నారు. వాళ్ళ నాన్నగారికి మధురవాడ వైపు జీడితోట ఉండేది. ఊరు నడుచుకుంటూ వెళ్ళి ఆ తోట మీద పడింది. రోడ్డు వచ్చింది, ఐటీ కొండలు వచ్చాయి, ఎకరాల్లో ఉన్న ధర గజాల్లోకి వచ్చింది. ఇప్పుడు మూడు ఫ్లాట్లు, ఒక షాపు అద్దెకున్నాయి. మంచి మనిషే, సంక్రాంతికి మా అందరికీ అరిసెలు పంపిస్తారు. ఆయన్ని చూసి మా ఆఫీసు బాయ్ ఎప్పుడూ అనే మాట, "పెట్టి పుట్టాడక్కా."

ఈ మాట నాకు గమ్మత్తుగా ఉంటుంది. డబ్బున్నవాడు పోయిన జన్మలో ఎవరికో పెట్టి పుట్టాడు. మరి నేను? సింహాచలంలో ఒకసారి మావాళ్ళు దర్శనం లైన్లో ఉంటే మెట్ల పక్కన కూర్చున్నాను, చీర కొంచెం పైకి జరిగి కేలిపర్ కనిపిస్తోంది. ఒకావిడ వచ్చి, "ఏ జన్మలో ఏం చేసుకున్నావో తల్లీ" అని చేతిలో పది రూపాయల నోటు పెట్టి, నేను నోరు తెరిచేలోగా వెళ్ళిపోయింది. యాభై వేల లోపు గిఫ్టులకి పన్ను లేదు కాబట్టి నిశ్చింతగా పులిహోర కొనుక్కున్నాను. ఆవిడ మనసు మంచిదే. కానీ ఆమె లెక్కలో జీడితోట ఆయన పుణ్యం, నా కాలు నా పాపం. గవర్నమెంటు రోడ్డేసినందుకు పెరిగిన ధర ఆ లెక్కలో ఎక్కడా లేదు. నా రెండో ఏట మా వీధికి అందని చుక్కలూ లేవు. మా పేరు మాత్రం పెరుగుతూ వచ్చింది. మా అమ్మమ్మ రోజుల్లో కుంటిది అనేవాళ్ళు, తర్వాత వికలాంగురాలినయ్యాను, 2015 చివర్లో ప్రధానమంత్రి చెప్పినప్పటి నుంచి దివ్యాంగురాలిని. మా వీధిలో ఇప్పటికీ "ఆ కాలు బాగోని టాక్సమ్మాయి" అనే అంటారు, నాకదే నయం.

క్లయింటు దగ్గరికి వస్తాను. నోటీసుల వార్త పేపర్లో చూసి, "మంచి పని చేశారు మేడం, సగం దొంగ సర్టిఫికెట్లే" అన్నారు. దొంగవి లేవని నేననను. మా పేటలోనే ఒకాయనకి చెవుడు సర్టిఫికెట్ ఉంది, నాలుగిళ్ళ అవతల మొగుడూ పెళ్ళాం గుసగుసలాడుకున్నా ఆయనకి వినిపిస్తుంది. ఆయన మీద నాకున్న కోపం ఈ క్లయింటుకి కూడా ఉండదు. ఆయన చేసిన పనికి మళ్ళీ లైన్లో నిలబడుతున్నది టైలర్ మామయ్య.

కాసేపటికి క్లయింటు మాటల్లో చెప్పారు, వాళ్ళమ్మగారికి బొత్తిగా వినబడటం లేదట. నేను ఉండబట్టలేక చెప్పాను. ఆయన మినహాయింపులుండే పాత పన్ను పద్ధతిలోనే ఉన్నారు, ఇంటి లోను వడ్డీ ఉందని. అందులో 80డీడీ అని ఒక సెక్షన్ ఉంది. మీ మీద ఆధారపడ్డ తల్లికి నలభై శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, వైద్యానికి ఎంత ఖర్చయిందన్న దానితో పని లేకుండా 75,000 ఆదాయంలోంచి తీసేస్తారు. ముప్పై శాతం స్లాబులో ఉన్న మీకు సెస్సుతో కలిపి ఏడాదికి 23,400 మిగులుతుంది. ఎనభై శాతం దాటితే 1,25,000 తీసేస్తారు, 39,000 మిగులుతుంది.

చెబుతూనే నాకు ఇంకో లెక్క తట్టింది, దాన్ని పైకి అనలేదు. పేద ఇంట్లో ఎనభై శాతం దాటిన మనిషికి కేంద్రం తన వాటాగా ఇచ్చే పింఛను నెలకి 300. ఏడాదికి 3,600. అదే కేంద్రం, అదే ఎనభై శాతం. జీడితోట ఇంట్లో ఉంటే 39,000 వదులుకుంటుంది, రేకుల ఇంట్లో ఉంటే 3,600 ఇస్తుంది. మన రాష్ట్రం పైన వేసి ఆరు వేలు చేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే మామయ్యకి రేకులు మారేవి కావు. ఇచ్చేది చేతిలో నోట్లుగా కనిపిస్తుంది, టీవీలో కనిపిస్తుంది, కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే. వదులుకునేది కనిపించదు. దాని పేరు ప్లానింగ్.

ఆయన మొహం వెలిగింది. "మరి ఈ ఏడే వేసేద్దాం."

"సర్టిఫికెట్ ఉండాలండి. స్లాట్ బుక్ చేసుకుని, పరీక్ష చేయించుకుంటే వచ్చే ఏడు వేసుకోవచ్చు. ఇప్పుడొచ్చే సర్టిఫికెట్ పోయిన ఏడాదికి పనికిరాదు."

"పాత డేటుతో ఇప్పించలేరా ఎవరైనా?" అని చాలా మామూలుగా, కాఫీలో చక్కెర ఇంకాస్త వేయమన్నట్టు అడిగారు. సగం దొంగవే అన్నది అరగంట కిందట. కుదరదని చెప్పాను. ఏమీ అనుకోలేదు. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "పరీక్షకి అమ్మని మిషన్ తీసేసి రమ్మనాలా, పెట్టుకునే రమ్మనాలా?" అని అడిగారు. మిషన్ తీసేసే పరీక్ష చేస్తారని చెప్పాను.

డబ్బున్నవాళ్ళ మీద నాకు కక్ష ఏమీ లేదు. వాళ్ళ రిటర్నుల మీదే మా ఇల్లు నడుస్తోంది. మా ఆఫీసు అటక మీద పాత సంపద పన్ను ఫైళ్ళు ఇంకా ఉన్నాయి, చెదలు తినగా మిగిలినవి. 1957లో వచ్చింది, 2015లో పోయింది. పోయేముందు ముప్పై లక్షలు దాటిన నగలూ కార్లూ రెండో ఇళ్ళూ ఖాళీ స్థలాల మీద ఒక శాతం. 2013-14లో వసూలైంది 1,008 కోట్లేనని బడ్జెట్లో చెప్పి తీసేశారు, దాని బదులు ఎక్కువ ఆదాయమున్నవాళ్ళ మీద సర్‌ఛార్జి పెంచారు. తాతల ఆస్తి మీద వేసే ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది. ఆ పన్నులు సరిగ్గా వసూలు కాలేదన్నది నిజమే, నేనే ఆ ఫారాలు నింపాను, నగలన్నీ "అత్తగారివి" అయిపోయేవి. కానీ వసూలు కాలేదు కాబట్టి తీసేద్దాం అన్న మాట ఎంత తేలిగ్గా అందరికీ నచ్చిందో, అప్పుడు మా ఆఫీసులో టీలు తాగుతూ విన్నాను. దొంగ సర్టిఫికెట్లున్నాయి కాబట్టి అందర్నీ మళ్ళీ లైన్లో నిలబెడదాం అన్నది కూడా అంతే తేలిగ్గా నచ్చుతోంది. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ కొండ మీద ఒక పెద్ద కంపెనీకి 21.16 ఎకరాలు 99 పైసలకిచ్చారు. పన్నెండు వేల ఉద్యోగాలొస్తాయన్నారు, మా అక్క మనవడికి ఒకటొస్తే మేమూ స్వీట్లు పంచుతాం. ఆ 99 పైసల గురించి చేప వేపుడు దగ్గర ఎవరూ సామెతలు చెప్పలేదు. అది పెట్టుబడి.

ఇంకో సంగతి, రిటర్నులు వేసేవాళ్ళకి మాత్రమే తెలిసేది. ఈ సీజన్లో బండి లోను కోసమో కారు లోను కోసమో బ్యాంకు అడిగిందని ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు వస్తారు, రిటర్న్ వేయమని. ఆదాయం మూడు లక్షలు ఉండదు. నేను మొదట అడిగేది పాన్ కార్డు కాదు. "ఇంట్లో పింఛను ఎవరికైనా వస్తోందా నాన్నా?" ఇంట్లో ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాడుంటే, ట్యాక్సీ కాని నాలుగు చక్రాల బండి ఉంటే, కరెంటు నెలకి మూడొందల యూనిట్లు దాటితే పింఛనుకి అనర్హులు. కట్టేది సున్నా అయినా ఎక్కడో లిస్టులో పేరు పడుతుందేమోనని వాళ్ళకి భయం. మామయ్య కొడుకు ఆ భయంతోనే మూడేళ్ళుగా లోను పెట్టలేదు, వేరేవాళ్ళ ట్యాక్సీ రోజు కూలికి నడుపుతున్నాడు.

అప్పీలు పరీక్షకి దసరా ముందు తేదీ ఇచ్చారు. ముందు రోజు రాత్రి మామయ్య మా ఇంటికొచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"పాపా, రేపు బూటేసుకుని ఎల్లనా, తీసేసి ఎల్లనా?"

నాకు క్లయింటుకి చెప్పినట్టు టక్కున జవాబు రాలేదు. కాలు కొలత బూటుతో మారదు, వేసుకునే వెళ్ళు అనాలి నిజానికి. నిజం చెబితే సరిపోతుందని పోయినసారీ అలాగే వెళ్ళాడు. "నీ ఇష్టం మామయ్యా" అన్నాను. పద్దెనిమిదేళ్ళుగా జనానికి సలహాలు చెప్పి బతుకుతున్నదాన్ని, ఆ మాట నా నోటికే అసహ్యంగా తగిలింది.

పొద్దున్న ఆటోలో ఇద్దరం వెళ్ళాం. బూటు వేసుకునే వచ్చాడు. గేటు దాటాక వేపచెట్టు కింద దిమ్మ మీద కూర్చుని, లేసులు విప్పి, బూటు తీసి, జాకెట్లు పెట్టే ప్లాస్టిక్ సంచిలో వేసి నాకిచ్చాడు. ఆ మడమ బరువు నేనెప్పుడూ చేత్తో చూడలేదు, కిలో పైనే ఉంటుంది. రెండు అడుగులు వేశాడో లేదో పాత ఒరుగుడు తిరిగి వచ్చేసింది. గోడ పట్టుకుని, ఆగి, నా వైపు తిరిగి, "సంచి జాగర్తమ్మా, లేసు ఊడిపోద్ది" అని లోపలికి వెళ్ళాడు.

నేను దిమ్మ మీద కూర్చుని, కేలిపర్ లాక్ తీసి, సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.